ఏడు తిప్పుల తాళం

కాలేజీ స్టాఫ్ రూమ్, కిటికీ పక్క బల్ల
జూన్ 14

అక్కకు,

క్షేమం. ఫోన్ చేస్తే నువ్వు ఎత్తవు. ఎత్తినా "లెక్చరైతే ఉత్తరం రాయి, విసుగొచ్చిన చోట మడిచి పెట్టుకుంటాను" అంటావు. అందుకే రాస్తున్నాను. కనీసం ఈసారైనా చివరిదాకా చదువు, నా భవిష్యత్తుకు సంబంధించిన విషయం.

పదకొండేళ్లుగా నేను తాత్కాలిక లెక్చరర్‌ననే సంగతి నీకు తెలుసు. ప్రతి ఏప్రిల్‌లో ఉద్యోగం పోతుంది, ప్రతి జూన్‌లో మళ్లీ వస్తుంది. ఈ ఏడాది మా సైకాలజీ విభాగంలో ఒక పర్మనెంట్ పోస్టు వచ్చింది. ఆగస్టులో ఒక కమిటీ వచ్చి, నేను పాఠం చెబుతుంటే వెనక బెంచీలో కూర్చుని వింటుంది. అంతకంటే ముందు ప్రతి లెక్చరరూ "నా వృత్తి నేపథ్యం, నా బోధనా విధానం" అని ఒక పేజీ రాసివ్వాలి. దాన్ని కాలేజీ పరిచయ పుస్తకంలో ఫొటోతో సహా అచ్చు వేస్తారు.

నేను రాసుకున్నది ఇదీ:

"మానవ మనస్సు అనే మహాసముద్రపు లోతులు నన్ను బాల్యం నుంచే ఆకర్షించాయి. ఇతర కోర్సులలో అవకాశాలున్నా సైకాలజీనే ఏరికోరి ఎంచుకున్నాను. అధ్యాపక రంగంలోనూ పారిశ్రామిక రంగంలోనూ విశేష అనుభవం గడించాను. పుస్తకంలోని సిద్ధాంతాన్ని జీవితంతో ముడివేయడమే నా బోధనా విధానం. నా ప్రతి పాఠమూ ఒక నిజమైన మనిషి కథతో మొదలవుతుంది."

ఎలా ఉంది? బాల్యం దగ్గర మాత్రం కాస్త పలచగా అనిపిస్తోంది. చిన్నప్పుడు నేను మనుషుల్ని గమనించిన సంఘటనలు ఒకటి రెండు నీకు గుర్తుంటే రాసి పంపు. నన్ను ఎత్తుకుని తిప్పినదానివి నువ్వే కాబట్టి అడుగుతున్నాను. బావగారిని అడిగానని చెప్పు.

నీ తమ్ముడు


తాళాల కొట్టు, సగం దించిన షట్టర్ కింద
జూన్ 22

మహాసముద్రం గారికి,

మీ లోతులు చదివాను. కాళ్లు తడిశాయి.

ఒరేయ్, బాల్యంలో నిన్ను ఆకర్షించింది మనస్సు కాదురా, పక్కింటివాళ్ల సైకిల్ బెల్లు. రోజుకు రెండొందల సార్లు మోగించి పక్కింటావిడ చేత తిట్లు తిన్నావు. ఇక "ఏరికోరి" దగ్గర నాకు నవ్వాగక చేతిలో ఉన్న స్ప్రింగు ఎగిరి ఎక్కడో పడింది. అరగంట వెతికాను. నువ్వు చేరిన రోజు కాలేజీకి నీ వెంట వచ్చింది ఎవరనుకున్నావు? కామర్స్ క్యూ గేటు దాటి రోడ్డు మీదికి వచ్చింది. మండుటెండ. సైకాలజీ కిటికీ ముందు ముగ్గురే ఉన్నారు, వాళ్ల నెత్తిన ఫ్యాన్ తిరుగుతోంది. "అక్కా, సైకాలజీ అంటే ఏంటే?" అని అడిగావు. "నాకేం తెలుసు, నీడలో ఉంది, చేరిపో" అన్నాను. చేరిపోయావు. అదీ నీ ఏరికోరడం.

పీజీలో నీ ప్రాజెక్టు "పనులు వాయిదా వేసే అలవాటు" మీద. దాన్ని గడువు దాటిన నలభై రోజులకు ఇచ్చావు. పరిశోధన అంటే అలా ఉండాలి, మనిషి అందులో మునిగిపోవాలి. "పారిశ్రామిక రంగం" అంటే ఆ సబ్బుల ఫ్యాక్టరీయేనా? పనివాళ్లలో ఉత్సాహం పెంచాలని నిన్ను పెట్టుకున్నారు. మూడు నెలల్లో అంత ఉత్సాహం పుట్టించావు, అందరూ కలిసి సమ్మెకు దిగారు. ముందు నిన్ను పంపించేశారు. అధ్యాపక రంగంలో విశేష అనుభవం అంటే, మొదటి రెండేళ్లూ ట్యూషన్ సెంటర్లో సైకాలజీ లేదు కాబట్టి భూగోళం చెప్పావు. దిక్కులు తప్పు చెప్పావని ఒక పిల్లాడి తండ్రి వచ్చి గొడవ చేశాడు.

సరే, ఒకటి మాత్రం నిజంగా గుర్తుంది, రాసుకో. నాన్న బస్సు డ్యూటీ దిగి ఇంటికి రాగానే, ఆయన విడిచిన చెప్పులు చూసి ఆ పూట కోపంగా ఉన్నాడో లేడో చెప్పేవాడివి. పక్కపక్కన ఉంటే అడిగింది దొరుకుతుంది, ఒకటి బోర్లా పడితే మంచం కిందికి దూరిపోవాలి. అప్పుడు నీకు ఆరేళ్లు. ఎప్పుడూ తప్పలేదు. మనిషిని చూడటం నీకు వచ్చురా, అది నేను కాదనను.

నాకో అనుమానం. ప్రతి పాఠమూ నిజమైన మనిషి కథతో మొదలవుతుందన్నావు కదా, ఆ నిజమైన మనుషులు నీకెక్కడ దొరుకుతారు? వాళ్లనడిగే తీసుకుంటావా?

మీ బావ కులాసా. నేను నీ పేజీ చదివి వినిపిస్తే, "ఎవరే ఈయన, మంచి పేరున్నాయనలా ఉన్నాడు" అన్నాడు.

అక్క


స్టాఫ్ రూమ్
జూలై 3

అక్కకు,

నువ్వు రాసినవన్నీ నిజమే కావచ్చు. కాని కాలేజీ పుస్తకంలో నిజాలు అచ్చు వేస్తే ఏ కాలేజీ అయినా మూతపడుతుంది. మా ఎకనామిక్స్ లెక్చరర్ "నిరంతర అధ్యయనమే నా ఊపిరి" అని రాశాడు. ఆయన నోట్సు కాగితాలు పసుపు దాటి గోధుమ రంగులోకి వచ్చాయి. పేజీ తిప్పితే అంచులు రాలి ముందు బెంచీ మీద పడతాయి. ప్రిన్సిపాల్ గారు "విద్యార్థులకు నా తలుపు ఎప్పుడూ తెరిచే ఉంటుంది" అని రాసుకున్నారు. ఆ తలుపు ముందు ప్యూన్ స్టూలు వేసుకుని అడ్డంగా కూర్చుంటాడు. వీళ్ల మధ్య నా మహాసముద్రం ఏపాటి?

నా పాఠాల్లోని మనుషుల గురించి అడిగావు. వాళ్ల పేరు చెప్పం, ఊరు చెప్పం. దాన్ని గోప్యత అంటారు, అది మా వృత్తి ధర్మం. నా దగ్గర ఒక కేసుంది అక్కా, అది నా ఆస్తి. పదకొండు బ్యాచులకు చెప్పాను. భయం అలవాటుగా ముదిరి మనిషి నెత్తినెక్కి ఎలా కూర్చుంటుందో దానితో మొదలుపెడతాను. ఊరికే చెప్పను, నటించి చూపిస్తాను. క్లాసు తలుపు గొళ్లెం పట్టుకుని లాగుతాను, బోర్డు దాకా నడుస్తాను, ఆగుతాను, గిరుక్కున తిరిగి మళ్లీ తలుపు దగ్గరికి పరిగెడతాను. ఏడుసార్లు. పిల్లలు పొట్ట పట్టుకుని నవ్వుతారు. పక్క గదిలో స్టాటిస్టిక్స్ వింటున్నవాళ్లు మా కిటికీల దగ్గర చేరతారు. నవ్వుతూ నేర్చుకున్నది మరిచిపోరు, ఇదే నా బోధనా విధానం. కమిటీ ముందు కూడా అదే చెప్పబోతున్నాను. ఎవరి కేసో నీకు కూడా చెప్పను, ఏమనుకోకు.

నువ్వు పంపిన ఇత్తడి తాళం స్టాఫ్ రూమ్‌లో నా బీరువాకు బ్రహ్మాండంగా ఉంది. జవాబు పత్రాలన్నీ అందులోనే. బాధ్యత గల ఉద్యోగం కనుక సాయంత్రం గేటు దాకా వెళ్లాక ఒకసారి వెనక్కి వచ్చి లాగి చూసుకుంటాను. ఒక్కోసారి రెండోసారి కూడా. ఎకనామిక్స్ వాడు నాకు "రిటర్న్ టికెట్" అని పేరు పెట్టాడు. బాధ్యత తెలియనివాళ్లకు ప్రతిదీ నవ్వులాటే.

ఆ చెప్పుల సంగతి బాగుంది. కాని చెప్పులు అనకుండా "పాదరక్షల అమరిక" అని రాస్తాను.

తమ్ముడు


తాళాల కొట్టు
జూలై 12

గోప్యత గారికి,

ఇవాళ బేరాలు తక్కువ. కొట్టు కబురొకటి చెబుతాను విను.

మే నెలలో, సెలవుల్లో, ఒక కాలేజీ పిల్ల వచ్చింది. హాస్టల్ పెట్టె తాళంచెవి పోగొట్టుకుంది. పెట్టె నెత్తిన పెట్టుకుని మరీ తెచ్చింది. తాళం విప్పాను, కొత్త చెవి ఆకురాయితో రాకాను, నూనె వేశాను. తర్వాత ఎప్పటిలాగే ఏడుసార్లు తిప్పి చూశాను. నాకు పని నేర్పిన ముసలాయన పెట్టిన లెక్క అది. మొదటి మూడు తిప్పులూ నూనె సర్దుకోడానికి, తర్వాత మూడూ తాళం చూడ్డానికి, ఏడోది మన పని మనం చూసుకోడానికి. ఆరుకే ఆపేసి ఇచ్చిన తాళం తిరిగి కొట్టుకొస్తుందనేవాడు. ముప్ఫై ఏళ్లుగా ఏ తాళమైనా నా చేతిలో ఏడు తిప్పులు తిరగందే బయటికి పోదు.

ఆ పిల్ల పెదాలు కదిలిస్తూ లెక్కపెట్టింది. ఏడు అనగానే ఫక్కున నవ్వింది. "ఏంటమ్మా?" అన్నాను. "ఏం లేదాంటీ, మా సైకాలజీ సార్ ఒక కేసు చెప్తారు, అచ్చం ఇంతే" అంది. నాకూ సరదా వేసింది, స్టూలు వేసి కూర్చోబెట్టాను. పిల్ల మంచిది, చక్కగా చెప్పింది. ఒక ఊళ్లో ఒక అమ్మాయుండేదట. బడికి పోతూ పోతూ వీధి మలుపు నుంచి వెనక్కి పరిగెత్తి ఇంటి తాళం లాగి చూసేదట. ఏడుసార్లు. పాపం ఏడేళ్ల తమ్ముణ్ణి రోడ్డు మీద వదిలేసి మరీ. రోజూ బడికి ఆలస్యం, రోజూ గుమ్మం బయట నిలబెట్టడం. ఆ పిచ్చి పెద్దయ్యాక కూడా వదల్లేదట. "ఇప్పుడామె ఏం చేస్తోందో తెలుసా?" అని వాళ్ల సార్ ఒక నిమిషం ఆగుతాడట. క్లాసంతా ఊపిరి బిగబడుతుందట. "తాళాల కొట్టు పెట్టుకుంది!" ఇక గది పైకప్పు లేచిపోతుందట.

అది చెప్పేసి ఆ పిల్ల కొట్టు చుట్టూ ఒకసారి చూసింది. గోడకు వేలాడే తాళాలు చూసింది, నన్ను చూసింది. దాని నవ్వు అక్కడే ఆగిపోయింది. పెట్టె తీసుకుని వెళ్లిపోయింది, గొడుగు మర్చిపోయి.

నీ మొదటి ఉత్తరం వచ్చేనాటికే నాకీ సంగతి తెలుసు. నువ్వే చెబుతావేమోనని చూశాను. అడిగే తీసుకుంటావా అని కూడా అడిగాను. నువ్వు నా కేసు నాకే చెప్పనన్నావు, వృత్తి ధర్మమని. ఎద్దు పుండు కాకికి ముద్దు అంటారు, ఆ కాకి అయినా ఎద్దుకు ఉత్తరాలు రాయదు.

నాతో ఏం చెబుతావో చెప్పు. మడవకుండా చదువుతాను.

అక్క


ఇంట్లో, వంటగది బల్ల
జూలై 18

అక్కా,

నీ ఉత్తరం చదివినప్పటి నుంచి కుడితిలో పడ్డ ఎలుకలా ఉన్నాను. స్టాఫ్ రూమ్‌లో రాయలేక ఇంటికొచ్చి రాస్తున్నాను. నీ మరదలు, "ఊరందరి మనసులూ చదువుతారు, సొంత అక్క మనసులో ఏముందో గుమ్మం దాకా వస్తే గాని తెలియలేదా?" అంది. ఉత్తరం ఆవిడకు చూపించడం పొరపాటయింది.

క్షమించు. కాని ఒకటి విను. నేను పేరు చెప్పలేదు. బోధనలో సజీవమైన ఉదాహరణకున్న శక్తి వేరు. పైగా నేను ఆ అమ్మాయిని కించపరచలేదు, ఒక మానసిక స్థితిని ఆవిష్కరించాను. నవ్వు అనేది విద్యార్థి ఆందోళన విడుదలయ్యే ఒక మార్గం.

(ఇదంతా ఇప్పుడు చదువుకుంటే నాకే ఏదోలా ఉంది. కొట్టేద్దామనుకున్నాను. ఉండనీ.)

నేను లేనిది కల్పించలేదు కదా అక్కా? నువ్వు వెనక్కి పరిగెత్తడం నా కళ్లారా చూశాను. ఇస్త్రీ కొట్టు మలుపు దగ్గర నేను నిలబడి ఉన్నాను. బడి గంట వినబడుతోంది. నీ జడ వెనక్కి ఎగురుతోంది. నా కాళ్లు వణుకుతున్నాయి. నువ్వు గుమ్మం బయట నిలబడ్డ సంగతి బడి మొత్తానికీ తెలుసు. ఆలస్యం రిజిస్టర్లో నీ పేరే ఉంది, నా పేరు లేదు.

ఇప్పుడొక మాట అడుగుతాను, కోప్పడకు. కమిటీ ఆగస్టు పద్దెనిమిదిన వస్తుంది. పాఠం పేరు ముందే రాసిచ్చేశాను. ఆ కథ లేకపోతే నా దగ్గర ఆ పాఠానికి ఇంకేమీ లేదు, పదకొండేళ్లుగా దానితోనే నెట్టుకొస్తున్నాను. ఈ ఒక్కసారికి అనుమతి ఇవ్వు. చివర్లో తాళాల కొట్టు సంగతి తీసేస్తాను. ఆ ఏడుసార్లను అయిదుకు తగ్గిస్తాను.

తమ్ముడు


తాళాల కొట్టు
జూలై 26

ఒరేయ్,

అయిదుకు తగ్గిస్తావా? బేరం బాగుంది.

ఇవాళ వేళాకోళం లేదు, సూటిగా రాస్తున్నాను. నీ కళ్లారా చూశానన్నావు. అవును, నేను పరిగెత్తడం నువ్వు చూశావు. ఎందుకు పరిగెత్తానో కూడా నీ క్లాసులో చెప్పు.

అమ్మ లాండ్రీకి, నాన్న మొదటి బస్సుకు మనం లేవకముందే పోయేవాళ్లు. ఇంటికి తాళం వేసి బడికి పోవాల్సింది మనిద్దరమే. నాకు పన్నెండేళ్లు, నీకు ఏడు. నాన్న తాళంచెవి నాకివ్వలేదు. తాడుకు కట్టి నీ మెళ్లో వేశాడు. "ఇంటికి మగాడివి నువ్వు. తాళం పడకపోతే ఇల్లు పోయినట్టే, జాగ్రత్త" అన్నాడు. మగాడి ముక్కు తుడవడానికి మాత్రం నేను కావాలి.

ఆ మర్నాటి నుంచి నీకు పట్టుకుంది. ఇస్త్రీ కొట్టు మలుపు దాకా వచ్చేవాడివి, ఆగిపోయేవాడివి. "పడిందా అక్కా?" పడిందిరా. "చూసొస్తా." చూసొచ్చేవాడివి, పది అడుగులు వేసేవాడివి, మళ్లీ "పడిందా?" ఏడుసార్లు నిజమే, ఆ లెక్క నువ్వు సరిగ్గానే చెప్పావు. నాలుగోసారికి నీకు ఏడుపొచ్చేది, కాళ్లు నిజంగానే వణికేవి. అప్పుడు నిన్ను మలుపు దగ్గర నిలబెట్టి, మిగతా మూడుసార్లూ నీ బదులు నేను పరిగెత్తేదాన్ని. గట్టిగా లాగి, నీకు వినబడేలా "పడిందిరోయ్!" అని అరిచేదాన్ని. నువ్వు చూసింది ఆ మూడింటినే.

బడిలో ఎందుకు ఆలస్యమని అడిగితే, "తాళం పడిందో లేదోనని నేనే వెనక్కి వెళ్లాను సార్" అన్నాను. నీ పేరు చెబితే ఏడేళ్లవాణ్ణి నిలబెడతారు, నాన్నకు తెలిస్తే ఆ పూట చెప్పులు బోర్లా పడతాయి. అందుకే రిజిస్టర్లో నా పేరుంది. మూడు నెలలు మొదటి పీరియడ్ గుమ్మం బయటే. మొదటి పీరియడ్ లెక్కలు. అప్పుడు పాడైన లెక్కలు తర్వాత బాగుపడలేదు, పదోక్లాసులో అక్కడే ఆగిపోయాను. దానికి నేను ఏడవట్లేదు. ఈ పనంటే నాకు ఇష్టం, ఈ కొట్టంటే నాకు గర్వం. కాని ఆ గుమ్మం బయట నిలబడ్డ పిల్లని చూసి పదకొండు బ్యాచులు నవ్వాయి చూడు, అది నాకు చాలా బాధగా ఉందిరా. గురివింద గింజకు తన కింది నలుపు తెలియదంటారు. నువ్వు ఆ నలుపు తీసి నాకు పూశావు.

నీ భయం ఎలా పోయిందో తెలుసా? చెబితే పోలేదు. తిడితే పోలేదు. లోపల ఏం జరుగుతుందో తెలియకనే కదా భయపడుతున్నాడని, ఆ పాత తాళంకప్ప పక్క రేకును ఆకురాయితో అరగదీసి కిటికీ చేశాను. నాలుగు సాయంత్రాలు పట్టింది, బొటనవేలు బొబ్బలెక్కింది. లోపల లివర్లని నాలుగు సన్నటి ఇత్తడి పలకలున్నాయి. చెవి తిప్పితే నాలుగూ ఒకే ఎత్తుకు లేవాలి, అప్పుడే గడియ కదులుతుంది. నిన్ను ఒళ్లో కూర్చోబెట్టుకుని తిప్పించాను. ఆ నాలుగింటికీ నువ్వు పేర్లు పెట్టావు. పేర్లు పెట్టాక మర్నాటి నుంచి ఒక్కసారే చూసి బడికి వచ్చావు. తాళం పాడు చేసినందుకు నాన్న చేతిలో నా వీపు విమానం మోత మోగింది. తాళాలు విప్పడం నాకలా అంటుకుంది.

నువ్వు అనుమతి అడిగావు. ఇదిగో, ఆ తాళాన్నే పార్సెల్లో పంపుతున్నాను. చెవి తిప్పి లోపలికి చూడు. లివర్లకు నువ్వు పెట్టిన పేర్లు గుర్తొస్తే ఆ కేసు నీది. గుర్తు రాకపోతే నాదే అనుకో, కమిటీ ముందు హాయిగా చెప్పుకో, నేను మాట్లాడను. ఆ పేర్లేమిటో మాత్రం నేను చెప్పను.

గేటు దాకా వెళ్లి బీరువా చూడ్డానికి వెనక్కొచ్చే బాధ్యత గల లెక్చరర్ గారికి ఇంతకంటే ఏం చెప్పను.

అక్క


స్టాఫ్ రూమ్, కిటికీ పక్క బల్ల
ఆగస్టు 21

అక్కా,

అమ్మ, నాన్న, అక్క, నేను.

పార్సెల్ విప్పి చెవి తిప్పగానే నోట్లోంచి అవే వచ్చాయి, నేను వెతుక్కోలేదు. నాలుగోది కాస్త బద్ధకంగా, మిగతా మూడూ లేచాక లేచేది. "నేను ఇంకా లేవలేదు, నేను ఇంకా లేవలేదు" అని నీ ఒళ్లో గెంతేవాణ్ణి. ఇప్పటికీ అలాగే లేస్తోంది. అక్కడే నేల మీద కూర్చుండిపోయాను. జ్ఞాపకం పెట్టెలో దాచిన వస్తువు కాదు, తీసిన ప్రతిసారీ మనకు నచ్చినట్టు మళ్లీ తయారు చేసుకుంటాం అని ఏటా సెప్టెంబరులో పాఠం చెబుతాను. పరీక్షలో పది మార్కుల ప్రశ్న. ఒక్కసారైనా నా జ్ఞాపకం వైపు తిరిగి చూసుకోలేదు.

ఇంత తెలిశాక క్లాసులో నిజం చెప్పానని రాయాలని ఉంది. కాని ముందు జరిగింది రాస్తాను. కమిటీలో ముగ్గురు. ఒకాయన కూర్చోగానే కునుకు తీశాడు, ఒకావిడ రాసుకుంటోంది, చెవి మిషన్ పెట్టుకున్న పెద్దాయన నన్నే చూస్తున్నాడు. తాళం బల్ల మీద పెట్టి గొంతు సవరించుకుని, "ఒక ఊళ్లో ఒక అబ్బాయి ఉండేవాడు" అని మొదలుపెట్టాను. "నేను" అనలేదు, "అబ్బాయి" అన్నాను. అంతటితో తప్పించుకోవచ్చనుకున్నాను. నేను పిరికివాణ్ణి అక్కా.

గది నిండుగా కనిపించాలని పోయినేటి బ్యాచును కూడా తెచ్చి కూర్చోబెట్టారు, వాళ్లలో మూడో బెంచీలోంచి నీ గొడుగు పిల్ల చెయ్యెత్తింది. "సార్, పోయినేడాది అమ్మాయి కదా?" అంది. ఆ పిల్ల నవ్వట్లేదు, నా మొహం కేసే చూస్తోంది. బల్ల మీది తాళం చేతిలోకి తీసుకున్నాను. "అమ్మాయి కాదమ్మా. పదకొండేళ్లుగా తప్పు చెప్పాను. ఆ అబ్బాయిని నేనే. గుమ్మం బయట నిలబడింది మా అక్క" అన్నాను.

అప్పుడు నవ్వారు. ముందు ఒకరు, తర్వాత క్లాసంతా. నేను నటించినప్పటి నవ్వు కాదది, నన్ను చూసి నవ్విన నవ్వు. నువ్వు మూడు నెలలు నిలబడ్డావు, నేను రెండు నిమిషాలు నిలబడలేకపోయాను. ఆ తర్వాత అందరినీ బల్ల చుట్టూ రమ్మని తాళం వాళ్ల చేతికే ఇచ్చాను. ఒక్కొక్కరూ తిప్పారు, లోపలికి చూశారు. చెవి మిషన్ పెద్దాయన కూడా లేచి వచ్చి తిప్పాడు. ఏడుసార్లు తిప్పాడు, లెక్కపెట్టాను. గంట కొట్టినా ఎవరూ కదల్లేదు.

ఫలితం నిన్న వచ్చింది. కమిటీ ఇలా రాసింది: "విషయ పరిజ్ఞానం తృప్తికరం. ఉదాహరణ ఆసక్తికరం. అయితే అధ్యాపకుడు స్వయంగా ఉదాహరణ కావడం వాంఛనీయం కాదు." ఈ ఏడాదికి పోస్టు ఖాళీగా ఉంచి, నన్ను మరో ఏడాది తాత్కాలికంగా కొనసాగించారు. అంటే పన్నెండో ఏడు. నాకు బాధగానే ఉంది, లేదని అబద్ధం చెప్పను.

పేజీ మాత్రం మార్చి రాసిచ్చాను:

"సైకాలజీ క్యూ నీడలో ఉండటం వల్ల చేరాను. నాకు దొరికిన మొదటి గురువు పన్నెండేళ్ల పిల్ల. భయపడేవాడికి భయపడకు అని చెప్పలేదు, తాళం విప్పి చూపించింది. అది చూసి కూడా నేను పదకొండేళ్లు మూసిన తాళం చూపించి పిల్లల్ని నవ్వించాను. ఇకనుంచి విప్పి చూపించాలనుకుంటున్నాను."

ప్రిన్సిపాల్ గారు చదివి కళ్లజోడు తుడుచుకుని మళ్లీ చదివారు. పుస్తకంలో నా ఫొటో కింద "బోధనానుభవం: పదకొండేళ్లు" అని మాత్రం అచ్చు వేస్తారట.

ఇంత జరిగాక కూడా సాయంత్రం గేటు దగ్గర నా కాళ్లు ఆగిపోతున్నాయి. నిన్న రెండుసార్లు వెనక్కి వెళ్లాను. "ఏంటి మాస్టారూ, రిటర్న్ టికెట్టా?" అని ఎకనామిక్స్ వాడు గేటు దగ్గరే నిలబడ్డాడు. కాగితాలు మరిచానని సాకు చెప్పాను. ఎందుకు వెనక్కి వెళ్తానో అన్నీ తెలిసినవాణ్ణి కదా, అయినా.

తమ్ముడు


తాళాల కొట్టు
ఆగస్టు 29

ఒరేయ్ తమ్ముడూ,

పేర్లు సరిగ్గా చెప్పావు. అదే వరసలో చెప్పావు. పాస్.

నీ ఉత్తరం మీ బావకు చదివి వినిపించాను. మధ్యలో కాగితం ఆయన చేతికిస్తే మిగతాది ఆయన చదివాడు. ఆయన చదివితే నీ ఏడుపు కూడా బస్సు టైంటేబుల్‌లా వినబడింది, అందుకని మళ్లీ నేనే చదువుకున్నాను. నన్ను చూసి నవ్విన పదకొండు బ్యాచులనూ తిరిగి పిలిచి నువ్వు చెప్పలేవు. పన్నెండోదానికి చెప్పావు. నాకది చాలు అనను, కాని బాగుంది.

కమిటీ సంగతి వదిలేయ్. అధ్యాపకుడు ఉదాహరణ కాకూడదట, వాళ్ల అక్క మాత్రం అయితే ఫర్వాలేదట. వచ్చే ఏడాది ఆ కునుకు తీసినాయన్ని నిద్ర మీద పాఠానికి ఉదాహరణగా వాడుకో. అడిగి తీసుకో.

గొడుగు పిల్లకు గొడుగు పంపుతున్నాను, ఇదే పార్సెల్లో ఉంది. దాంతోపాటు నీ బీరువాకు ఇంకో తాళం. పక్కన చిన్న కిటికీ పెట్టాను, గాజు బిగించాను. దొంగలకు కాస్త సుళువే, కాని జవాబు పత్రాలు ఎత్తుకుపోయే దొంగ ఇంకా పుట్టలేదు. ఏడుసార్లు తిప్పే పంపుతున్నాను.

కిటికీ ఉన్నా సరే, ఒక్కోసారి గేటు దగ్గర నీ కాళ్లు ఆగుతాయి. ఆగనీ. అన్నీ తెలిసినా ఆగుతాయి, నాకు తెలుసు. అప్పుడు వెనక్కి వెళ్లి చూసుకునే రా. ఎందుకు ఆలస్యమైందని ఆ ఎకనామిక్స్ ఆయనో ఇంకెవరో అడిగితే, చూసి రమ్మని మా అక్కే చెప్పిందని చెప్పు.

అక్క